ఒక సెలవు దినం

పాఠ్యభాగ పరిచయం

మానవజీవితంలో శ్రమకు ఎంత స్థానముందో విశ్రాంతికీ, వినోదానికీ అంతే స్థానముంది. ఒకప్పుడు జాతరలు, తిరునాళ్లు, సంతలు మన ప్రజల వినోదస్థానాలు. నగరజీవితం విస్తరించిన కొద్దీ వాటి సరసన వినోదోద్యానాలు వెలిశాయి. సైబరాబాద్ ప్రాంతంలో నివసించే ఒక కుటుంబం క్రిస్మస్ సెలవుల్లో గడిపిన దినాన్ని ఆధారంగా చేసుకొని, వినోదం స్వరూపంలో మారినదేమిటో, మారనిదేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

'సెలవు' అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. పని నుంచి లభించే విరామం ఒకటి. వెళ్లడానికి పెద్దల వద్ద పొందే అనుమతి మరొకటి. విద్యార్థులకు మొదటి అర్థమే ప్రియమైనదని వేరుగా చెప్పనక్కరలేదు. కానీ రెండో అర్థం తెలియనివారికి మొదటిది పూర్తిగా దక్కదని ఒక డిసెంబరు మాసంలో నాకు బోధపడింది.

మా తమ్ముడు, మరదలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. కొండాపూర్‌లో నివాసం. వారికి ఇద్దరు పిల్లలు. కుమారుడు ఎనిమిదో తరగతి, కుమార్తె మూడో తరగతి చదువుతున్నారు. క్రిస్మస్ సెలవులకు నేనూ, మా అమ్మా జనగామ నుంచి వారి ఇంటికి వెళ్లాం. వారి అపార్టుమెంటు ముంగిట నక్షత్రదీపాలు వెలుగుతున్నాయి. పక్కింటి క్రైస్తవ కుటుంబంవారు పండుగనాడు కేకు, అరిసెలు తెచ్చి ఇచ్చారు. అమ్మ ఆ అరిసెను రుచి చూసి, "పాకం మంచిగ కుదిరింది" అని మెచ్చుకొన్నది.

ఆ ప్రాంతాన్ని చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు గుట్టలు, బండరాళ్లు, తుప్పలు నిండిన పల్లెలు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అది మొదలు అక్కడి రాతినేలమీద అద్దాల మేడలు లేచాయి. 2019లో మెట్రోరైలు హైటెక్ సిటీని చేరింది. 2020లో దుర్గం చెరువుమీద తీగల వంతెన వెలసింది.

అక్కడి జీవితంలో మరొక విశేషముంది. ఆ మేడలలో పనిచేసేవారి గడియారాలు మన సూర్యోదయాన్ని మాత్రమే అనుసరించవు. చలికాలంలో న్యూయార్కు నగరం కంటే మనం పదిన్నర గంటలు ముందుంటాం. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడివారికి ఉదయం పది గంటలు. కనుక మన ఇళ్లలో భోజనాలవేళ అక్కడి కార్యాలయాలు తెరుచుకొంటాయి. క్రిస్మస్ నుంచి నూతన సంవత్సరం వరకు పాశ్చాత్య దేశాలవారు చాలామంది సెలవులో ఉంటారు. ఆ కారణంగా సైబరాబాద్‌లోనూ పలు కార్యాలయాలలో పని తగ్గుతుంది. అయితే దుకాణాల లెక్కలను నడిపే వ్యవస్థలను కనిపెట్టుకొని ఉండేవారి సంగతి వేరు. పండుగ ముందు కొనుగోళ్లు, పండుగ తరువాత వాపసులు. వారికి అదే అత్యంత రద్దీ కాలం. మా తమ్ముడిది ఆ కోవకు చెందిన ఉద్యోగం.

వినోదోద్యానానికి తీసుకొని వెళతానని మా తమ్ముడు కుమారునికి మాట ఇచ్చి రెండేళ్లయింది. రెండుసార్లూ చివరి నిమిషంలో పని అడ్డుపడింది. ఈసారి ఆ బాలుడు గోడమీది క్యాలెండరులో డిసెంబరు 26వ తేదీ చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టాడు. సిరాతో ఎందుకు చుట్టలేదని నేను అడిగితే, "పెన్సిలైతే చెరపొచ్చు కదా, పెదనాన్నా!" అన్నాడు. ఆ సమాధానం నన్ను చాలాసేపు వెంటాడింది.

ఆ ఉదయం ఆరుగురమూ బయలుదేరాం. గచ్చిబౌలి దాటి బాహ్యవలయ రహదారి ఎక్కాం. ఆ రహదారి మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. శంషాబాదు మీదుగా సాగి, పదమూడో నిష్క్రమణ వద్ద రావిర్యాలలో దిగాం. వండర్‌లా వినోదోద్యానం అక్కడే ఉంది. కేరళలోని కొచ్చిలో 2000లో, బెంగళూరులో 2005లో ఉద్యానాలు నెలకొల్పిన సంస్థ, హైదరాబాదులో దీనిని 2016లో ప్రారంభించింది.

ప్రవేశద్వారం దాటగానే అమ్మ నిలబడి చుట్టూ చూసింది. ఆకాశంలో తిరుగుతున్న చక్రాలు, నీటి జారుడుబండలు, కేరింతలు కొడుతున్న పిల్లలు. "ఇది కూడ జాతరే కదా, దేవుడు ఒక్కడే లేడు" అన్నది నవ్వుతూ. ఆమె మాటలో యథార్థముంది. మన గ్రామజీవితంలో జాతర అంటే మొక్కు తీర్చుకోవడం మాత్రమే కాదు. మిఠాయి అంగడి, గాజుల కొట్టు, రంగులరాట్నం కూడా. హైదరాబాదు నగరంలో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనగా మొదలై, తరువాత నాంపల్లి మైదానానికి తరలిన నుమాయిష్ కూడా ఈ కోవలోనిదే. సరుకు కొనేందుకు వెళ్లినవారు పిల్లలను చిన్న రైలు ఎక్కించనిదే తిరిగి రారు.

రంగులరాట్నానికి ప్రపంచచరిత్రలోనూ గొప్ప స్థానముంది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తైన ఉక్కుచక్రాన్ని నిలబెట్టాడు. దానికి వేలాడిన బోగీలు ముప్పై ఆరు. అంతకు ముందే, 1843లో, డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో టివోలీ ఉద్యానం వెలసింది. ఈనాటికీ అది నడుస్తున్నది. క్రిస్మస్ కాలంలో దీపాలతో అలరారుతుంది.

మా మరదలు కుమార్తెను తీసుకొని అలల కొలను వైపు వెళ్లింది. బాలుడు తండ్రి చేయి పట్టుకొని రికాయిల్ అనే రోలర్ కోస్టరు వైపు లాగాడు. దాని పనితీరును దారిపొడవునా నాకు వివరించాడు. "పైకి ఎక్కించడం వరకే మిషను పని, పెదనాన్నా. అక్కడినుంచి కిందికి లాగేది భూమే. ఎత్తులో దాచిన శక్తే వేగంగా మారుతుంది" అన్నాడు. భౌతికశాస్త్రంలో స్థితిశక్తి గతిశక్తిగా మారుతుందని మీరు చదువుకొన్న సూత్రమే అది.

సరిగ్గా అప్పుడే మా తమ్ముని ఫోను మోగింది.

"పది నిమిషాలు ఆగు కన్నా. నువ్వు వరుసలో నిలబడు, వచ్చేస్తాను" అని అతడు చెట్టు కింద ఉన్న బల్లమీద కూర్చున్నాడు. పక్కనే అమ్మా, నేనూ కూర్చున్నాం. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. నేను వరుసవైపు చూశాను. మా వాని వంతు వచ్చింది. అతడు పక్కకు జరిగి, వెనుకనున్నవారిని ముందుకు పంపాడు. మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ మరో ఇద్దరిని పంపాడు. అలా ఎందరిని పంపాడో నేను లెక్కపెట్టలేదు.

ఆ బల్లమీద కూర్చొన్నప్పుడు నాకు ఒక ప్రసిద్ధ వృత్తాంతం గుర్తుకు వచ్చింది. వాల్ట్ డిస్నీ ఆదివారాలలోనో, శనివారాలలోనో తన ఇద్దరు కుమార్తెలను లాస్ ఏంజెలెస్ నగరంలోని గ్రిఫిత్ పార్కుకు తీసుకొని వెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బల్లమీద కూర్చొని చూసేవాడు. తల్లిదండ్రులూ, పిల్లలూ కలిసి ఆనందించగల చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే తనకు కలిగిందని అతడు తరువాత చెప్పుకొన్నాడు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ ప్రారంభమైంది. అంటే తండ్రిని బల్లమీదినుంచి లేపడానికే ఇంతటి ఉద్యానాలు పుట్టాయన్నమాట. అయినా బల్లలు ఖాళీ కాలేదు.

అమ్మ చాలాసేపు మౌనంగా ఉండి, మా తమ్ముడు ఫోను దించగానే మెల్లగా అన్నది:

"కొడుకా! మీ నాయిన మిమ్ముల కొమురెల్లి జాతరకు తోలుకపోయింది యాదికున్నదా? ఆనాడు ఆయన చేతుల మీ ఇద్దరికి సరిపోయే పైసలే ఉండె. మిమ్ముల రాట్నం ఎక్కిచ్చి, తాను కింద నిలబడ్డడు. మీరు తిరిగి ముందటికి వచ్చినప్పుడల్ల చెయ్యి ఊపిండు. నువ్వు ఇప్పటికీ ఆ చెయ్యి ఊపిన ముచ్చటే చెప్తవు. రాట్నం ముచ్చట ఎన్నడన్న చెప్పినవా?"

మా తమ్ముడు బదులు చెప్పలేదు. వరుసవైపు చూశాడు. బాలుడు అప్పుడే మరొకరికి దారి ఇస్తున్నాడు. ఒక నిమిషం తరువాత మా తమ్ముడు మళ్లీ ఫోను తీసి సహోద్యోగితో మాట్లాడాడు. "నాకు ఒక గంట సెలవు కావాలి. అంతవరకు నువ్వు చూసుకో. నీ పండుగకు నేను చూసుకొంటాను" అన్నాడు. ఫోనును వస్తువులు దాచే పెట్టెలో ఉంచి తాళం వేసి, వరుసలోకి నడిచాడు.

"నిజంగానే వస్తున్నావా నాన్నా?" అని బాలుడు అడిగాడు. ఆ ప్రశ్నలో సంతోషం కంటే సందేహమే ఎక్కువగా ధ్వనించింది. ఆ ధ్వని తండ్రికి కూడా వినిపించిందని అతని ముఖమే చెప్పింది.

వారిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బండి ఎత్తుకు చేరింది, ఒక క్షణం ఆగింది, జారింది. నాకు వారి ముఖాలు కనిపించలేదు. కేకలు మాత్రం వినిపించాయి. వాటిలో తండ్రి కేక ఏదో, కొడుకు కేక ఏదో గుర్తుపట్టలేకపోయాను. అమ్మ మాత్రం బల్లమీదినుంచి లేచి చేయి ఊపుతూ నిలబడింది. వారు చూశారో లేదో తెలియదు.

మధ్యాహ్నం తినుబండారాల అంగడి వద్ద పనిచేస్తున్న ఒక యువతితో అమ్మ మాట కలిపింది. ఆ అమ్మాయి మెడలో చిన్న శిలువ ఉంది. "మరి నీ పండుగ ఎట్ల బిడ్డా?" అని అమ్మ అడిగితే, "నిన్న ప్రార్థనకు పోయివచ్చినం అమ్మమ్మా. మా తమ్ముళ్లను సంక్రాంతి సెలవులకు ఇటే తీసుకొస్తా" అని ఆమె నవ్వింది. ఒకరి సెలవు దినం మరొకరి పనిదినం కావడం లోకరీతి. ఆ సంగతి గుర్తుంచుకొని, పనిచేసేవారితో మర్యాదగా మాట్లాడడం, తిన్న కాగితాలను చెత్తబుట్టలో వేయడం సెలవు అనుభవించేవారి కనీస ధర్మం.

సాయంకాలం తిరిగి వచ్చాం. రాత్రి ఎనిమిదిన్నరకు మా తమ్ముడు మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్క దినంతో అతని ఉద్యోగం మారలేదు. మారుతుందని ఎవరూ అనుకోలేదు. అప్పులు, పిల్లల చదువులు, ముసలితనంలో అమ్మకు వైద్యం, అన్నీ ఆ కంప్యూటరు మీదనే ఆధారపడి ఉన్నాయి. ఆ తండ్రిని నిందించడం సులభం. అతని భారాన్ని చూడడం కష్టం. కానీ ఆ రాత్రి మంచినీళ్లకోసం లేచినప్పుడు గోడమీది క్యాలెండరు నా కంటబడింది. 26వ తేదీ చుట్టూ ఉన్న పెన్సిలు గీతమీద ఎవరో నల్లని సిరాతో మరొక గీత దిద్దారు.

సెలవు దానంతట అది రాదు. పనిని కాసేపు పక్కన పెట్టి, అడగవలసినవారిని అడిగి, దానిని తీసుకోవాలి. తీసుకొన్న సెలవును తనవారికి ఇవ్వాలి. రాట్నం ఎక్కినా, కింద నిలబడి చేయి ఊపినా, కళ్లు మాత్రం పిల్లలమీదనే ఉండాలి.

పదాలు – అర్థాలు

వినోదోద్యానం : వినోదం కోసం ఏర్పరచిన తోట
బాహ్యవలయం : వెలుపలి చుట్టు
వృత్తాంతం : జరిగిన సంగతి
యథార్థం : నిజం
కోవ : వరుస, తరగతి
యాది : జ్ఞాపకం (తెలంగాణ వాడుక)
తోలుకపోవు : వెంట తీసుకొని వెళ్లు (తెలంగాణ వాడుక)

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. జాతరకూ, వినోదోద్యానానికీ గల పోలికలను, భేదాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. 'సెలవు' అనే మాటకు గల రెండు అర్థాలు ఈ పాఠంలో ఏ విధంగా సార్థకమయ్యాయో తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సైబరాబాద్ ఉద్యోగుల జీవితంమీద పాశ్చాత్య దేశాల కాలమానం ప్రభావం ఎట్టిది?
2. బాలుడు వరుసలో తన వెనుకనున్నవారిని ముందుకు ఎందుకు పంపాడు?
3. క్యాలెండరులో సిరాతో గీత దిద్దినది ఎవరై ఉంటారు? మీ అభిప్రాయానికి కారణం చెప్పండి.

ఇ. సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం (గుణసంధి)
అత్యంత = అతి + అంత (యణాదేశసంధి)
వినోదోద్యానం = వినోద + ఉద్యానం (గుణసంధి)

ఈ. సమాసాలు
తల్లిదండ్రులు : తల్లియును, తండ్రియును (ద్వంద్వ సమాసం)
గ్రామజీవితం : గ్రామము యొక్క జీవితం (షష్ఠీ తత్పురుష సమాసం)

ఉ. ప్రాజెక్టు పని
మీ ఇంటిలోని పెద్దలను వారి బాల్యంలో చూసిన జాతరను గురించి అడిగి, వారు చెప్పిన సంగతులను వారి మాటలలోనే ఒక పుటకు మించకుండా రాయండి.