కిక్విట్ పట్టణపు ఆరుగురు మఠకన్యలు



రోగి దగ్గరకు వెళితే మన ప్రాణానికే ముప్పు అని తెలిసినప్పుడు క్రైస్తవుడు ఏమి చేయాలి? 1995లో ఆఫ్రికా ఖండంలోని కిక్విట్ పట్టణంలో ఆరుగురు మఠకన్యలకు ఈ ప్రశ్న ఎదురైంది.

వీరు ఇటలీలోని బెర్గమో నగరంలో 1869లో వెలసిన పేదల సోదరీమణుల సభకు చెందినవారు. ఆ సభ స్థాపకులు లూయీజీ పలజ్జోలో గురువులను, మన దేవసహాయంతోపాటు 2022 మే 15న తిరుసభ పునీతులుగా ప్రకటించింది. కిక్విట్ నాటి జైరే, నేటి కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌లో ఉంది.

ఆ యేడు అక్కడ ఎబోలా వ్యాధి ప్రబలింది. 315 మందికి సోకగా సుమారు 250 మంది మరణించారు. ఆస్పత్రిలో చేతి తొడుగులు సయితం చాలినన్ని లేవు. ఆపరేషను గదిలో సేవచేసే సిస్టర్ ఫ్లోరాల్బా ఏప్రిల్ 25న ప్రభువు సన్నిధి చేరారు. ఆమెకు పరిచర్య చేసిన సిస్టర్ డానియెలాంజెలా మే 11న మరణించారు. ప్రొవిన్షియల్‌గా ఉన్న సిస్టర్ అన్నెల్వీరా, తోటి సోదరీమణులు జబ్బుపడ్డారని విని కిక్విట్ చేరుకొని, మే 23న కన్నుమూశారు. మే 28 నాటికి ఆరుగురూ వెళ్ళిపోయారు. ఆ దేశపు ఆస్పత్రి సిబ్బంది కూడా ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 2021లో పోపు ఫ్రాన్సిస్ ఈ ఆరుగురినీ పూజనీయులుగా ప్రకటించారు.

ఇది తెగింపా? కాదు. తెగించినవాడు అపాయాన్ని వెదకి వెళతాడు. వీరు అపాయాన్ని వెదకలేదు, రోగిని విడువలేదు. అంతే. అలాగని జాగ్రత్తను తక్కువ చేయరాదు. ఆ వ్యాధిని అదుపు చేసినవి చేతి తొడుగులు, మాస్కులు, రోగులను ప్రత్యేకంగా ఉంచి సేవచేయటమే. "ప్రార్థన ఉంది కదా, జాగ్రత్త ఎందుకు?" అనటం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించటం. వివేకమూ ప్రేమా శత్రువులు కావు. రోగికి దూరం కావటానికి కాదు, భయం లేకుండా దగ్గర కావటానికే జాగ్రత్త.

మన ఇళ్ళలో ఒకరికి క్షయ అని తెలియగానే పలకరింపు కూడా మానేసేవారున్నారు. నోటికి గుడ్డ కట్టుకోండి, గది కిటికీలు తెరవండి, మందులు క్రమంగా వేయించండి. కాని ఆ మంచం పక్కన కాసేపు కూర్చోండి. మంచి సమరీయుడు చేసింది అదే: చూచి, దగ్గరకు వెళ్ళాడు.

ఈ వారం మీ విచారణలో ఎవరూ పలకరించని ఒక రోగి ఇంటికి కుటుంబమంతా కలిసి వెళ్ళిరండి.