దేహం కూడా అమానతే

ప్రళయదినాన దాసుడు తన ఆయుష్షును ఎలా గడిపాడు, ధనాన్ని ఎక్కడ నుండి ఆర్జించాడు అన్న ప్రశ్నలతో పాటు, దేహాన్ని దేనిలో అరగదీశాడన్న ప్రశ్న కూడా ఎదురవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (తిర్మిజీ). సంపాదన హలాలా, హరామా అని మనం విచారిస్తాం. దేహం సంగతి మాత్రం మంచాన పడ్డాకే గుర్తుకొస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు విననివారు ఈ ప్రాంతంలో ఉండరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటలతో కళకళలాడే పచ్చని సీమ అది. అక్కడే మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుదేలు చేసింది. రోగుల్లో చాలామందికి షుగరు లేదు. నీరు, నేల, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నిటినీ పరిశోధకులు అనుమానించారు. ఇదే కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. కాబట్టి ఆ రోగులను చూసి, “వారి అలవాట్లే అలా చేశాయి” అనడం అన్యాయం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి.

కారణం తెలియని జబ్బు పొరుగునే ఉండగా, తెలిసిన కారణాలను మనమే ఇంటికి పిలుచుకోవడం ఏం వివేకం? శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా నడుము నొప్పి అనగానే మందుల షాపుకు వెళ్ళి చీటీ లేకుండా మాత్రలు తెచ్చుకుంటాం. ఈ రకం మాత్రల్లో చాలా వరకు మూత్రపిండాలకు చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, సరిగా నీరు త్రాగకుండా వేసుకుంటే హాని మరింత ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో ఏమీ తెలియదు. ఏళ్ళ తరబడి వేసుకున్నాక తెలుస్తుంది.

షుగరు, బీపీల సంగతీ ఇంతే. ఒకప్పుడు కాలినడకన వెళ్ళిన బజారుకు ఇప్పుడు బండి తీస్తున్నాం. దుకాణంలో రోజంతా కూర్చుంటాం. పచ్చళ్ళు, ఎండుచేపల్లో ఉప్పు ఎలాగూ ఉంది, దానికి చిప్స్ ప్యాకెట్లు తోడయ్యాయి. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. ఇక ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ చూడండి! పగలంతా ఉపవాసముండి, సాయంత్రం సమోసాలు, బజ్జీలు, చక్కెర షర్బత్‌లతో కడుపు నింపేస్తాం. కడుపులో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీటికి, మిగిలినది శ్వాసకు విడవమన్న ప్రవక్త (స) బోధ (తిర్మిజీ) ఆ వేళకే గుర్తుండదు.

మూత్రపిండాలు నొప్పితో ముందుగా హెచ్చరించవు. సగం శక్తి పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. అందుకే షుగరు, బీపీ ఉన్నవారు, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు ఏడాదికొకసారి రక్తంతో పాటు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. “అల్లాహ్ రాసిందే జరుగుతుంది, పరీక్షలెందుకు?” అనే సోదరులున్నారు. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగినప్పుడు చేయించుకోమనే ప్రవక్త (స) ఆదేశించారు (అబూదావూద్).

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు రంజాన్‌కు ముందే, షాబాన్ నెలలోనే డాక్టరును కలవాలి. ఉపవాసం ప్రమాదమని ఆయన చెబితే, రోగికి అల్ బఖరా సూరా 184వ ఆయత్‌లో మినహాయింపు ఉంది. కోలుకునేవారు తరువాత ఆ రోజులు పూర్తి చేయాలి. కోలుకునే ఆశ లేనివారు రోజుకొక పేదవాని చొప్పున అన్నం పెట్టాలి.