అటక మీద పడక

మెకానికల్ మూడో సంవత్సరంలో హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టులో రేడియేషన్ షీల్డ్ అని ఒక చిన్న టాపిక్ ఉంటుంది. రెండు పలకల మధ్య ఇంకో మెరిసే పలక పెడితే వేడి ఎంత తగ్గుతుందో కనుక్కోమంటారు. పరీక్షకి ముందు రాత్రి బట్టీ కొట్టి, మార్కులు తెచ్చుకుని, మర్నాడే మర్చిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ వేసవి సెలవుల్లో ఆ లెక్క మా అమ్మమ్మ వాళ్ళింటి అటక మీద మళ్ళీ ఎదురుపడింది.

ఇల్లు కోనసీమలో. బంగుళూరు పెంకుల కప్పు, రెండు గదులు, మధ్యలో నడవ, ముందు వసారా, వెనక వంటిల్లు. తాతయ్యకి తుంటి ఎముక విరిగి మంచం పట్టాక ఒక గది ఆయనదైంది. అక్క పురిటికి రావడంతో రెండో గది ఆవిడకీ పసిపిల్లకీ పోయింది. వసారాలో మావయ్య, అత్తయ్య. ఇంక మిగిలింది నేను. పక్కింటి డాబా మీద పడుకోవచ్చు గానీ, తాతయ్యని రాత్రి రెండు మూడు సార్లు లేపి కూర్చోబెట్టాలి. మావయ్య ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పిలిస్తే పలికేంత దూరంలో నేనుండాలి. అంత దగ్గరలో ఖాళీ ఉన్నది తాతయ్య గది మీద అటక ఒక్కటే.

"ఒరేయ్, అది జాడీలు పెట్టుకోడానికి వేయించిందిరా, మనుషులు పడుకోడానిక్కాదు. నువ్వు పడితే పడ్డావు, కింద మీ తాతయ్య ఉన్నారు" అంది అమ్మమ్మ. నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఇంజనీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆవిడే అడిగిందని అర్థమైంది.

గది వెడల్పు 10 అడుగులు, పొడవు 12. అటక చెక్కల కింద ఐదు టేకు దూలాలున్నాయి. రెండేసి అడుగులకి ఒకటి, ఒక్కోటి 3 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల లోతు. మనుషులు ఉండే గదికి ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్ల లైవ్ లోడ్ తీసుకోవాలి, అంటే సుమారు 200 కిలోలు. చెక్కల బరువు కలిపి 2.3 అనుకున్నాను. దూలాల మధ్య దూరం 0.6 మీటర్లు కాబట్టి ఒక్కో దూలం మీద మీటరుకి 1.38 కిలోన్యూటన్లు. 3 మీటర్ల స్పాన్‌కి బెండింగ్ మొమెంట్ 1.55 కిలోన్యూటన్ మీటర్లు, స్ట్రెస్ 8 మెగాపాస్కల్స్. మంచి టేకు ఇంతకంటే ఎక్కువే మోస్తుంది. ఇక్కడితో ఆగితే పాస్ అయిపోయినట్టే. ఆగకూడదు, డిఫ్లెక్షన్ కూడా చూడాలి. ఇ విలువ 9000 మెగాపాస్కల్స్ వేసుకుంటే నడిమధ్య 13 మిల్లీమీటర్లు కుంగుతుందని వచ్చింది. స్పాన్‌ని 240తో భాగిస్తే వచ్చే హద్దు 12.5. విరగదు గానీ ఊగుతుంది. అదీ దూలాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయనుకుంటేనే.

ఆ అనుమానం వచ్చింది నాకు కాదు, వడ్రంగి మేస్త్రీ గారికి. ఆయన నా కాగితం చూసి, "లెక్క సరేనండి బాబూ, కర్ర ఏమంటుందో కూడా ఇనాలి కదా, ఆయ్" అని, సుత్తి వెనక భాగంతో ఒక్కో దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టుకుంటూ వెళ్ళారు. నాలుగు దూలాలు టంగుమన్నాయి. మూడో దూలం గోడలోకి దూరే చోట మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు డొల్లగా పలికింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అంగుళంన్నర లోపలికి దిగిపోయింది. చెద. సరిగ్గా దానిపైన ఒక పెంకు పగిలి ఉంది. ఎన్ని వానాకాలాల నీళ్ళు దిగాయో ఏమో. పైకి రంగు మాత్రం నిక్షేపంగా ఉంది. అటక ఎక్కాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది దూలం నడుం కాదు, గోడలో దాగున్న చివర్లు.

తాతయ్య మంచాన్ని మూడు రోజులు వసారాలోకి మార్చాం. ఉన్న దూలాల మధ్యా, అటూ ఇటూ చివర్లలోనూ ఆరు కొత్త దూలాలు, చెద పట్టినదానికి జోడుగా ఇంకొకటి వేశాం. గోడలో 4 అంగుళాల లోతు బొక్క కొట్టి, కర్ర చివరికి తారు పూసి, చుట్టూ వేలు పట్టేంత సందు వదిలారు. సందుని సిమెంటుతో పూడ్చేద్దామా అని అడిగితే మేస్త్రీ గారు నాకేసి జాలిగా చూశారు. గాలాడని చివర తడి పట్టి మళ్ళీ కుళ్ళుతుందట.

తర్వాత ఆయన పద్ధతిలో టెస్టు. దూలం నడిమధ్య నుంచి దారానికి ఇనప గుండు వేలాడదీసి, నేలకీ గుండుకీ మధ్య అరంగుళం చెక్క పట్టేంత ఎడం ఉంచారు. పైన ఆ దూలం వారగా ఐదు ధాన్యం బస్తాలు పేర్పించారు, బస్తా 75 కిలోలు. గుండు నేలని తాకితే దూలం పనికిరానట్టు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. నా పుస్తకం హద్దు 12.5. ఆ ఐదు బస్తాలు కూడా నా లైవ్ లోడ్ లెక్కకి ఇంచుమించు సరిపోతాయి. ఆయన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదవలేదు. గుండు సగం దూరం కూడా దిగలేదు.

ఇప్పుడు వేడి సంగతి. ఇక్కడ నేను చేసిన తప్పు ముందు చెప్తాను. ఎవరికీ చెప్పకుండా థర్మోకోల్ షీట్లు తెచ్చి పెంకులకి అంటించినట్టు వాసాల మధ్య ఇరికించేశాను. వారం తిరక్కుండానే ఒక వేసవి వాన పడింది. మట్టి పెంకు కొంత నీళ్ళు పీల్చుకుంటుంది, ఎండలో రెండు వైపులా ఆరుతుంది. నేను అడుగువైపు మూసేశాను. కారిన నీళ్ళు కనపడకుండా షీటు వెనకే పాకి వాసం పొడవునా దిగాయి. షీటు పీకితే కింద చీమల కాలనీ. పైగా థర్మోకోల్ తేలిగ్గా అంటుకునే సరుకు. పాత వైరింగ్ పక్కన, దిగడానికి ఒకే నిచ్చెన ఉన్న చోట దాన్ని పెట్టడం తెలివితక్కువతనం. అంతా పీకేశాను. అది నా పాకెట్ మనీ, కాబట్టి ఆ బాధ వేరే.

మే నెల మధ్యాహ్నం 2 గంటలకి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే పెంకు అడుగు 55 డిగ్రీలు, అటక చెక్కలు 38. రెండింటి ఎమిసివిటీ 0.9 అనుకుని స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో వేస్తే చదరపు మీటరుకి సుమారు 100 వాట్లు మీద కురుస్తున్నట్టు. నెత్తి మీద ప్రతి చదరపు మీటరుకీ పాతకాలం వందక్యాండిల్ బల్బు ఒకటి వెలుగుతున్నట్టు ఊహించుకోండి. ఒక వైపు 0.05 ఎమిసివిటీ ఉన్న అల్యూమినియం రేకు అయితే, అవే ఉష్ణోగ్రతలకి అది 6 వాట్లకి పడిపోతుంది. మందం వల్ల కాదు, మెరుపు వల్ల. అందుకే ఈ రేకుకి రెండు నియమాలు. ఒకటి, అది దేనికీ అంటుకోకూడదు. ఎదురుగా కనీసం అంగుళం ఖాళీ లేకపోతే వేడి తాకుడు ద్వారానే దిగిపోతుంది. రెండోది, మెరిసే వైపు కిందకి ఉండాలి. పైకి పెడితే ఏడాదిలో దుమ్ము పేరుకుని మామూలు అట్టలా తయారవుతుంది. కిందకి చూసే మెరుపుకి కూడా ఫలితం అదే, ఎందుకంటే వేడెక్కినా అది కిందకి విడుదల చేసేది తక్కువ.

రేకుని వాసాల అడుగున బిగించాం. దానికీ పెంకులకీ మధ్య 4 అంగుళాల సందు. ఆ సందుని చూరు దగ్గర, కొప్పు దగ్గర తెరిచే ఉంచి, ఎలకలు, గబ్బిలాలు దూరకుండా సన్న జాలీ కొట్టాం. వేడెక్కిన గాలి కొప్పు నుంచి పోతుంటే చూరు నుంచి కొత్త గాలి వస్తుంది, కారిన నీళ్ళు ఆరిపోతాయి. రేకు కింద ఇంకో అంగుళం ఖాళీ వదిలి వెదురు తడిక. అది అందానికి, కొంచెం నా రేకుకి రక్షణకి.

ఇంకో మాట. పగలు అటక వేడే, ఏం చేసినా కొంత వేడే. కానీ పడకగది కావాల్సింది రాత్రికి. డాబా ఇంటి స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి పదింటిదాకా మన మీదే కక్కుతుంది. పెంకు పల్చన, పొద్దుగూకిన కాసేపటికే చల్లారిపోతుంది. కోనసీమలో మిగిలే బాధ ఉక్కపోత, దానికి గాలి ఒక్కటే మందు. రెండు త్రికోణపు గోడల్లో ఎదురెదురుగా కిటికీలు పెట్టించాం. ఒకటి మనిషి పట్టేంత పెద్దది, నిప్పు గట్రా అంటుకుంటే దూకడానికి. సీలింగ్ ఫ్యాన్ కుదరదు, చెయ్యెత్తితే తగులుతుంది. గోడ ఫ్యాన్ చాలు.

ఎత్తు మాత్రం మోసం చెయ్యలేం. కొప్పు కింద 7 అడుగులు, పక్క గోడల దగ్గర 3. నిలబడి నడవగలిగేది మధ్యలో 4 అడుగుల వెడల్పులోనే. నేషనల్ బిల్డింగ్ కోడ్ నివాస గదికి 2.75 మీటర్లు అడుగుతుంది, వాలు కప్పయితే సగటున అంత ఉండాలి. మాది దాంట్లో సగం చిల్లర. కొత్త ప్లాన్‌లో దీన్ని గది అని చూపిస్తే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. అందుకని పరుపు వాలు వైపు నేల మీదే. మామూలు మెట్లకి 12 అడుగుల చోటు కావాలి, నడవలో అంత లేదు. 60 డిగ్రీల వాలుతో, రెండు వైపులా పట్టుకునే కమ్మీలతో వెడల్పు మెట్ల నిచ్చెన అయితే 5 అడుగుల్లో సరిపోయింది. దిగేటప్పుడు నిచ్చెనకేసి ముఖం పెట్టి దిగాలి. నిద్రమత్తులో ఒకసారి మర్చిపోయాను, మోకాలు ఇంకా గుర్తుచేస్తోంది.

నేను అసలు ఊహించని సమస్య దుమ్ము. మొదటి రాత్రి నేను పక్కకి దొర్లిన ప్రతిసారీ చెక్కల సందుల్లోంచి తాతయ్య మీద పొడి రాలింది. పొద్దున్న ఆయన, "మనవడు పైనున్నాడని కళ్ళు మూసుకున్నా తెలుస్తోందిరా" అన్నారు. చెక్కల మీద మందపాటి గుడ్డ, దాని మీద కొబ్బరి పీచు చాప, ఆపైన ప్లైవుడ్ పరిచాం. దుమ్ము ఆగింది, అడుగుల చప్పుడు బాగా తగ్గింది. పీచుకి మా ఊళ్ళో కరువా? అయితే తాతయ్య పిలుపు కూడా నాకు వినపడ్డం మానేసింది! చివరికి ఆయన మంచం పక్కన ఒక బెల్లు స్విచ్చి, నా తల దగ్గర బెల్లు పెట్టాను. ఇంత పనిలో అందరూ మెచ్చుకున్నది ఆ బెల్లునే.

పని అయ్యాక అమ్మమ్మ నాలుగు మెట్లెక్కి, తల మాత్రం పైకి పెట్టి, చుట్టూ చూసి, "మరి నా జాడీలేవిరా?" అంది. గోడవారగా, మూడడుగుల ఎత్తున్న ఆ చూరు చోటంతా ఆవిడకే ఇచ్చేశాను. ఎనిమిది జాడీలు, ఒక్కోటి పచ్చడితో పదిహేను కిలోలు వేసుకున్నాను, మొత్తం 120. గోడకి ఆనించి ఉన్నాయి కాబట్టి బెండింగ్ మొమెంట్‌కి అవి కలిపేది చాలా తక్కువ. ఆ లెక్క కూడా కాగితం మీద వేసి మేస్త్రీ గారికి చూపించాను. ఆయన చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.