జీవన వేతనము: బాల్టిమోరు నగరము నేర్పిన పాఠము



కష్టించి పనిచేయువానికి అన్నమునకు లోటుండదని పెద్దలు చెప్పుదురు. ఈ మాట ఎల్లప్పుడును నిజమగునా? ప్రతిదినమును పనికి పోవుచుండియు, సాయంకాలము ధర్మాన్నమునకై వరుసలో నిలువవలసినవారు లోకమున కలరు. అట్టివారిని గూర్చి ఒక నగర పాలక సంఘము చేసిన చర్చను, దాని ఫలితమును ఈ వ్యాసమున తెలుపనెంచితిని.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలాండు నందు బాల్టిమోరు అను రేవుపట్టణము కలదు. పూర్వము అది ఉక్కు పనికిని ఓడల నిర్మాణమునకును ప్రసిద్ధి చెందినది. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ పనులు తగ్గిపోగా, వాని స్థానమున స్వల్ప జీతపు పనులు వచ్చెను. నగర ప్రభుత్వమును వ్యయము తగ్గించుకొనుటకై, తన నౌకరులచేత చేయించుచుండిన కొన్ని పనులను గుత్తదారులకు అప్పగించెను. తక్కువ మొత్తమునకు టెండరు వేసినవానికే పని దక్కును. గుత్తదారుడు మొత్తము నెట్లు తగ్గించును? చీపురు ధర తగ్గదు, బస్సునకు పోయు నూనె ధర తగ్గదు. కావున పనివాని జీతమే తగ్గును.

ఆ పట్టణపు క్రైస్తవ సంఘములు బీదలకొరకు ఉచిత భోజనశాలలు నడుపుచుండెను. వానిలో పెక్కు నల్లజాతివారి సంఘములు. భోజనమునకు వచ్చువారిలో అనేకులు పనిలేనివారు కారనియు, పనిచేసియు కడుపు నిండనివారనియు సంఘకాపరులు గ్రహించిరి. అన్నము పెట్టుట మంచిదే. కాని న్యాయముగా రావలసిన కూలి రాకుండగా, దానికి బదులు ధర్మము చేసిన చాలునా? ఈ ప్రశ్న వారి మనస్సులను కలచెను. అంతట బిల్డు అను పేరుగల సంఘముల కూటమియు, ప్రభుత్వోద్యోగుల కార్మిక సంఘమును ఏకమై, నగరపు ధనముతో పనిచేయించు గుత్తదారులు తమ పనివారికి జీవన వేతనము నీయవలెనని నగర పాలక సంఘమును కోరిరి.

కనీస వేతనమునకును జీవన వేతనమునకును భేదమేమి? ఇంతకు తగ్గరాదని చట్టము నిర్ణయించునది కనీస వేతనము. కుటుంబము గౌరవముగా బ్రదుకుటకు చాలునది జీవన వేతనము. 1994లో ఆ దేశపు కనీస వేతనము గంటకు 4.25 డాలర్లు. వారమునకు 40 గంటల చొప్పున 52 వారములు పనిచేసినను వచ్చునది 8,840 డాలర్లే. ఆ సంవత్సరము నలుగురుగల కుటుంబమునకు ప్రభుత్వము నిర్ణయించిన బీదరికపు గీటు 14,800 డాలర్లు. ఈ రెండంకెల నడుమనున్న లోతులోనే ఆ కుటుంబము లుండెను.

చర్చలో ఇరుపక్షముల వాదమును ఆలోచింపదగినదే. జీతములు పెరిగినచో గుత్తల ఖరీదు పెరుగుననియు, ఆ భారము పన్ను కట్టువారిపై పడుననియు, వ్యాపారులు పనివారిని తగ్గింతురనియు ఎదుటి పక్షమువారు వాదించిరి. ప్రజల ధనము ప్రజలను బీదలనుగా చేయరాదనియు, జీతము చాలనివానిని పోషించు వ్యయము తుదకు ప్రజలే భరింపవలసి వచ్చుననియు కోరినవారు బదులు చెప్పిరి.

1994 డిసెంబరు నెలలో శాసనము ఆమోదింపబడెను. నగరాధ్యక్షుడు కర్ట్ ష్మోక్ దానిపై సంతకము చేసెను. 1995లో గంటకు 6.10 డాలర్లుగా ప్రారంభమైన వేతనము క్రమముగా పెరిగి 1999 నాటికి 7.70 డాలర్లాయెను. తరువాతి కాలమున నూరింటికి పైగా స్థానిక ప్రభుత్వములు ఇట్టి శాసనములు చేసెను.

ఫలితమేమి? ఖరీదు మిక్కిలి పెరుగునన్న భయము నిజము కాలేదు. 1999లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించిన గుత్తల ఖరీదు మొత్తముమీద సుమారు 1.2 శాతమే పెరిగెను. అయినను సంపూర్ణ విజయమనియు చెప్పరాదు. లాభము పొందినవారు సుమారు 1,500 మందియే. వారిలో పాఠశాల బస్సులలో పిల్లలకు తోడుగా పోవువారివంటి అనేకులకు దినమునకు కొన్ని గంటలే పని. గంటకు కూలి పెరిగినను, గంటలు చాలనివాని బీదరికము తీరదు.

మన భారత రాజ్యాంగము 43వ అధికరణమునందును పనివారికి జీవన వేతనము సమకూర్ప యత్నింపవలెనని రాజ్యమునకు విధింపబడియున్నది. కావున ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు.

ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానమును మీరు ఎరుగుదురు. గంటసేపు పనిచేసినవానికిని యజమానుడు దినపు కూలి నిచ్చెను. ఆ ఉపమానము దేవుని కృపను బోధించునది. అయినను, సాయంకాలమున ఆ పనివాని యింట ఎదురుచూచువారిని తలంచుటయు అందుండి నేర్చుకొనదగును. మీరును ఒకనాడు ఒకరికి కూలి నిచ్చువారగుదురు. అప్పుడు బజారులో ఎంత తక్కువకు మనిషి దొరకునని మాత్రమే అడుగక, ఈ కూలితో వాని యిల్లు గడచునా యని కూడ అడుగుడు.

అభ్యాసము

1. గంటకు 6.10 డాలర్లు, 7.70 డాలర్లు చొప్పున సంవత్సరపు ఆదాయములను పైరీతిని లెక్కించి, 14,800 డాలర్లతో పోల్చుడు.

2. మీ యింటిలో ఒక నెలకు బియ్యము, పప్పు, కట్టుబట్టలు, వైద్యము, చదువులకగు వ్యయమును తల్లిదండ్రుల నడిగి వ్రాయుడు. మీ వీధి ఊడ్చువాని కుటుంబమునకు ఇందులో దేనిని తగ్గింపవచ్చునో చెప్పుడు.