నదీముఖాల పుట్టుక, వర్గీకరణ: పులికాట్ తీరపు పాఠం

నదీజలం సముద్రజలంతో కలిసే, పాక్షికంగా మూసుకొని ఉన్న జలభాగమే నదీముఖం. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రమట్టం నేటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి రాగా, తీరలోయలు మునిగి నదీముఖాలలో అధికభాగం ఏర్పడ్డాయి.

పుట్టుకను బట్టి ఇవి నాలుగు రకాలు: మునిగిన నదీలోయలు, ఇసుకతిన్నె అడ్డుపడినవి, హిమానీనదాలు తొలిచినవి, భూపొరల కదలికవల్ల ఏర్పడినవి. నీటి కలయికను బట్టి మూడు: ఉప్పునీరు అడుగున చొచ్చుకొనిపోయేవి, పాక్షికంగా కలిసేవి, పూర్తిగా కలిసేవి.

శ్రీహరికోట దీవి బంగాళాఖాతం నుంచి వేరుచేసిన పులికాట్ సరస్సు ఇసుకతిన్నె రకానికి దగ్గరిది. ఈశాన్య రుతుపవనాల వానలకు దీని లవణత పడిపోతుంది. వేసవిలో సముద్రాన్ని మించగలదు. కనుక ఒడ్డు గ్రామాల సాగునీటిని డిసెంబరులోనే కాక మే నెలలోనూ పరీక్షించాలి. నేల సంతృప్త ద్రావణపు విద్యుద్వాహకత మీటరుకు 3 డెసిసైమన్లు దాటితే వరి దిగుబడి తగ్గసాగుతుంది. ఒక్క నమూనాతో ఇచ్చిన సలహాకు మూల్యం చెల్లించేది రైతే.