పుంజుకు పసరు మందు పెడితే పిల్లలు ఎక్కువవుతాయా?

 

మన కొండ ఊళ్ళలో కోడి అంటే చేతిలో డబ్బు ఉన్నట్టే. నోటు పుస్తకాలు కొనాలన్నా, జ్వరమొచ్చి ఆస్పత్రికి పోవాలన్నా ముందు సంతకి వెళ్ళేది కోడే. అందుకే పొదగేసిన గుడ్లు మురిగిపోతే ఇంటిల్లిపాదికీ దిగులు. అప్పుడు మా ఊళ్ళో "ఇది గొడ్డు పెట్ట" అని పెట్టని కోసేస్తారు. పుంజుని మాత్రం ఎవరూ ఏమీ అనరు. కొందరు పుంజుకి అల్లం, వెల్లుల్లి నూరి మింగిస్తారు. ఇందులో నిజమెంతో జీవశాస్త్రం చదివి తెలుసుకున్నంత వరకు రాస్తున్నాను.

పుంజు లోపల ఏం జరుగుతుంది?

మేకపోతుకి వృషణాలు బయట వేలాడతాయి. పుంజుకి అవి కడుపు లోపల, వెన్నెముక పక్కన, మూత్రపిండాల దగ్గర ఉంటాయి. పుంజు వీర్యం చాలా చిక్కన. ఒక మిల్లీలీటరులో సుమారు 300 నుండి 700 కోట్ల వీర్యకణాలుంటాయి. ఒక కణం తయారవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.

ఈ కణాల పైపొరలో కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. నిలవున్న నూనె గాలి తగిలి చెడినట్టే ఈ పొర కూడా ఆక్సిజన్ వల్ల చెడుతుంది. ఎండ దెబ్బ తగిలినా, వయసు మీరినా, మేత చాలకపోయినా ఈ నష్టం పెరుగుతుంది. విటమిన్ ఇ, సెలీనియం దీన్ని అడ్డుకుంటాయి. కొన్ని మూలికల్లోనూ అలా అడ్డుకునే పదార్థాలున్నాయి. మూలికల మీద ఆశ అందుకే.

మేలు చేసేవి

అల్లం: మేతలో ఎండు అల్లం పొడి కలిపి పెట్టిన పుంజుల్లో వీర్యకణాల కదలిక మెరుగుపడినట్టు పరిశోధనల్లో కనబడింది. కానీ వీర్యం బాగుండటం వేరు, పిల్లలు ఎక్కువవడం వేరు. మొదటిది కనబడిందని రెండోది కూడా జరుగుతుందని చెప్పలేం.

మునగాకు: ఇందులో మాంసకృత్తులు, కెరోటిన్, విటమిన్ ఇ ఉన్నాయి. దీన్ని మందు అనేకన్నా మంచి మేత అనాలి. నూక, గంటి మాత్రమే తినే పుంజుకి ఇది లోటు తీరుస్తుంది.

కీడు చేసేవి

చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిదే అనుకోకూడదు. పత్తి గింజల చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. అది మగ జంతువుల్లో వీర్యకణాల తయారీని దెబ్బ తీస్తుంది. చైనాలో 1970లలో దీన్ని మగవాళ్ళకి గర్భనిరోధక మందుగా కూడా పరీక్షించారు. బొప్పాయి గింజల సారం ఇచ్చిన మగ ఎలుకల్లో వీర్యకణాలు తగ్గాయి. వేపాకు సారంతోనూ ఎలుకల్లో అలాగే జరిగింది. ఎలుకల్లో జరిగినదంతా కోడిలో జరుగుతుందని కాదు. అయినా పిల్లల కోసం ఉంచిన పుంజుకి ఇవి అదే పనిగా పెట్టకపోవడం మంచిది.

తప్పు ఎవరిదో తెలుసుకోవడం ఎలా?

పొదగేసిన 7వ రోజు రాత్రి చీకటి గదిలో అట్టకి చిన్న రంధ్రం చేసి, వెనక టార్చిలైటు పెట్టి గుడ్డుని ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడితే పిల్ల ఎదుగుతోంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే ఫలదీకరణ జరగలేదు, లేదా పిండం మొదట్లోనే చనిపోయింది.

ఒక్క పెట్ట గుడ్లే తేటగా ఉంటే లోపం ఆ పెట్టదో, దాని గుడ్లు నిలవ చేసిన తీరుదో కావచ్చు. ఆ పుంజుతో తిరిగే పెట్టలన్నిటి గుడ్లూ తేటగా ఉంటే అనుమానించాల్సింది పుంజునే. అప్పుడు పెట్టని కోస్తే లాభం లేదు.

ఇంకో సంగతి. ఒక్కసారి జత కడితే పెట్ట తన లోపలి సన్నని గొట్టాల్లో వీర్యాన్ని దాచుకుంటుంది. రెండు వారాల దాకా దానితోనే గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. అందుకని ఈ రోజు అల్లం పెట్టి రేపటి గుడ్డు చూసి "మందు పని చేసింది" అంటే లెక్క తప్పు. పెట్టలో దాచుకున్నది పాతది, పుంజులో కొత్తది ఇంకా తయారవుతుంటుంది. కనీసం నాలుగైదు వారాలు ఆగాలి. మందు పెట్టని మరో పుంజుని, అదే మేతతో, వేరుగా ఉంచి పోల్చి చూడాలి. తర్వాత పుంజుల్ని మార్చి మళ్ళీ చూడాలి.

గుర్తుంచుకోవలసినవి

1. పది పెట్టలకి ఒక పుంజు ఉండాలి.
2. ఎండాకాలంలో నీడ, చల్లని నీళ్ళు అన్ని మూలికల కన్నా ముందు.
3. గింజలతో పాటు ఆకుకూర, పురుగులు, చెదలు దొరకాలి.
4. ముసలి పుంజుని మార్చాలి.
5. ఇవన్నీ చేశాకే అల్లం సంగతి.

మిత్రులారా! సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు టార్చిలైటుతో గుడ్లు చూసి, ఎన్ని తేటగా ఉన్నాయో, ఎన్నిట్లో నరాలున్నాయో నోటు పుస్తకంలో రాసుకు రండి. అందరి లెక్కలూ కలిపి వచ్చే సంచికలో పట్టిక వేద్దాం. అమ్మకీ, నాన్నకీ కూడా చూపించండి. కళ్ళతో చూస్తే పెట్టని ఊరికే కోయరు.