ట్రాలీ వెనుక ఎఱ్ఱదీపము



మా చిన్ననాట రాత్రివేళ ఎడ్లబండి కట్టినప్పుడెల్ల మా తాత ఇరుసు క్రింద ఒక కందిలిని వ్రేలాడదీసెడివాడు. ఆ వెలుతురున ఎడ్లకు దారి కనబడునని మేమనుకొనెడివారము. ఎడ్లకు దారి చీకటిలోనైనను తెలియును, కందిలి వెనుక వచ్చువాని కొఱకని ఆయన ఒకనాడు చెప్పెను. నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఆ బండి స్థానమున ట్రాక్టరును, దాని వెనుక ట్రాలీయును వచ్చినవి. కందిలి స్థానమున రెండు ఎఱ్ఱదీపములు వచ్చినవి. వచ్చినవి గాని, వానిలో వెలుగునవెన్ని? ఈ ప్రశ్ననుండియే ఈ వ్యాసము పుట్టినది.

ట్రాక్టరు ముందుదీపములు చెడినచో రైతు మఱునాడే బాగుచేయించును; అవి లేనిదే తనకు దారి కనబడదు. వెనుకదీపము వెలిగినను ఆఱినను పీటపై కూర్చున్నవానికి తెలియదు. సిరిసిల్ల మగ్గముమీద ఒక పోగు తెగినచో బట్టలో గీత పడి నేతగాని కన్నును పిలుచును. ట్రాలీ తీగ తెగినచో పిలుచువారెవరును లేరు.

నిజామాబాదునుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా మంచిర్యాలకు పోవు 63వ జాతీయ రహదారి మనకందఱకు ఎఱుకయే. పసుపు అమ్మకపు దినములలో దానిపై ట్రాలీలు నిజామాబాదు బజారునకు రాత్రులందే సాగును. వరికోతల తరువాత కొనుగోలు కేంద్రముల యొద్ద ధాన్యపు ట్రాలీలు వరుసగా నిలిచి, ఆ వరుస తోక రోడ్డుమీదికి వచ్చును. గడచిన యాసంగి కోతలనాడు నేను కోరుట్లనుండి మోటారుసైకిలుపై వచ్చుచుండగా ఎదుట వచ్చు కారు వెలుతురు కన్నులను చెదరగొట్టెను. అది దాటిన మఱుక్షణమున నా ముందు గోడవలె గోనెసంచులు కనబడెను. బ్రేకు పట్టి, చక్రము జాఱి, సంచులకు రెండుమూఱల దూరమున నిలిచితిని. ప్రక్కన రాతిమీద కూర్చున్న రైతు లేచి వచ్చి, "లైట్లున్నయి సార్, గని పడ్తలేవు" అనెను. ఆయన మా పదవ తరగతి బాలుని తండ్రియే. ఆయనను గద్దింపవలెనని నోటివఱకు వచ్చిన మాటను మ్రింగి, "శనివారము మధ్యాహ్నము ట్రాలీని బడికి తెండు" అని మాత్రము చెప్పితిని.

శనివారము వచ్చులోపల తరగతిలో ఒక లెక్క చేసితిమి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము ఒక సెకండునకు ఎంత దూరము పోవును? 60,000 మీటర్లను 3,600 సెకండ్లచే భాగించిన 16.7 మీటర్లు. అడ్డమును చూచి, అది అడ్డమని గ్రహించి, కాలు బ్రేకుమీదికి పోవుటకు ఒకటిన్నర సెకండు పట్టునని కొందము. ఆలోపల 25 మీటర్లు గడచును. పొడిరోడ్డున మంచి బ్రేకులు పట్టినపిమ్మట నిలుచుటకు మఱి 23 మీటర్లు కావలయును. మొత్తము 48. డిమ్ము చేసిన ముందుదీపము నల్లని వస్తువును స్పష్టముగ చూపునది సుమారు 40 మీటర్ల వఱకే. గోనెసంచి, తుప్పుపట్టిన ఇనుము, మట్టి అంటిన టైరు, ఇవన్నియు రాత్రి నల్లనివే. ఆ 8 మీటర్ల లోటును తీర్చునది వెనుకదీపమొక్కటే. అదే వేగము 80 అయినచో ఎంత కావలయునో బాలురే కట్టి చెప్పిరి: 74 మీటర్లు. ఆ లెక్క అయినపిదప తరగతి కొంతసేపు నిశ్శబ్దముగ నుండెను. దగ్గఱివారిని రోడ్డుమీద పోగొట్టుకొన్న ఇండ్లనుండి వచ్చు పిల్లలును మా తరగతిలో నున్నారు.

ట్రాలీ వచ్చినది. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. ట్రాలీకి ఇరుప్రక్కల నొక్కొక్క బల్బు. ఒక్కొక్క బల్బులో రెండు తంతువులు. 5 వాట్ల తంతువు రాత్రియంతయు వెలుగునది, 21 వాట్లది బ్రేకు త్రొక్కినప్పుడు వెలుగునది. ఈ బల్బు అడుగున రెండు చిన్న మేకులు ఒకే ఎత్తున నుండవు. దానిని తలక్రిందుగ బలవంతముగ దూర్చినచో రెండు తంతువులు తాఱుమాఱై, రాత్రియంతయు పెద్దదీపము వెలిగి, బ్రేకు త్రొక్కినప్పుడు చిన్నది వెలుగును. వెనుకవానికి బ్రేకు సంగతి తెలియనే తెలియదు.

రైతు క్రొత్త ఎల్.ఇ.డి. దీపముల జత నొకటి కొని తెచ్చియుండెను. పాతవాటిని తీసి పాఱవేసి ఇవి బిగించిన చాలునని ఆయన తలంపు. తొందరపడవలదని చెప్పి పాతబల్బును విప్పి చూచితిమి. తంతువులు రెండును చెక్కుచెదరక యున్నవి! బల్బు మంచిదైనప్పుడు దీపమేల వెలుగదు?

ఒక చిన్న బల్బునకు రెండు తీగలు కట్టి పరీక్షాదీపముగ చేసికొంటిమి. ట్రాక్టరు వెనుకనున్న ఏడు కాళ్ల సాకెట్టువద్ద పట్టితిమి, బాగుగ వెలిగెను. ట్రాలీ చివర బల్బు హోల్డరువద్ద పట్టితిమి, నిప్పుకణమువలె మినుకుమినుకుమనెను. లోపము నడుమ నెచటనో కలదు. అప్పుడు ఒక బాలుడు బ్యాటరీ ఋణధ్రువమునుండి పొడుగు తీగ నొకటి తెచ్చి పాతదీపపు ఇనుపతొడుగునకు ఆనించెను. దీపము ఒక్కసారిగ భగ్గున వెలిగెను. పిల్లలు వేసిన కేకకు ప్రక్కతరగతి ఉపాధ్యాయురాలు బయటికి వచ్చి చూచెను.

పాఠమంతయు ఇందే యున్నది. విద్యుత్తు పోవుటకు ఒక దారి యెట్లు కావలయునో, తిరిగివచ్చుటకును ఒక దారి యట్లే కావలయును. దీనినే పనివారు ఎర్తు అందురు. చాల ట్రాలీలలో ఈ తిరుగుదారికి వేఱే తీగ యుండదు. ట్రాలీ ఇనుపచట్రము, ట్రాక్టరుతో దానిని కలుపు కొక్కెమును అందులోని పిన్నును, ఇవియే దారి. ఆ పిన్ను తుప్పుపట్టును, గ్రీజులో మునుగును, గుంతపడినప్పుడెల్ల కదలును. అట్టిచోట తిరుగుదారి ఉండి ఉండనట్లుండును. దీని గుఱుతు తెలిసికొనుట సులభము: బ్రేకు త్రొక్కినప్పుడు వెనుకదీపము ప్రకాశించుటకు మాఱు మందగించినను, ఇండికేటరు వేసినప్పుడు దానితోకూడ ఎఱ్ఱదీపమును కొట్టుకొనినను, అది ఎర్తు లోపమే. తన దారి దొరకని విద్యుత్తు పొరుగు తంతువుగుండ దారి వెదకికొనుచున్నదన్నమాట. ఇట్టి బండికి ఎంత ఖరీదైన దీపము పెట్టినను ప్రయోజనము లేదు.

తక్కిన లోపములను చూచితిమి. హోల్డరు లోపల పచ్చనిత్రుప్పు. ఎఱ్ఱ అద్దపు అడుగున బొట్టెడు నీరు. ఈ నీరు వచ్చిన విధము వింతయైనది. సరస్సులు గల దేశములలో పడవను ట్రైలరుపై తెచ్చి, ట్రైలరును వెనుకకు నడిపి నీటిలోనికే దింపుదురు. వెలుగుచున్న దీపములో గాలి వేడెక్కి వ్యాకోచించి యుండును; చన్నీటిలో మునుగగనే అది సంకోచించి, సందులగుండ నీటిని లోనికి పీల్చుకొనును. వేడిబల్బుపై చన్నీరు పడి గాజు పగులుటయు కలదు. అందుచే పడవవారు నీటిలోనికి దిగుటకు ముందు ప్లగ్గు ఊడదీసి దీపములు చల్లాఱనిత్తురు. మనకు పడవలు లేకున్నను, చెఱువు పూడిక మోసి వచ్చి కాలువగట్టున ట్రాలీని కడుగు అలవాటున్నది. న్యాయమొక్కటే: దీపములార్పి కొంతసేపాగి కడుగవలయును.

చట్రము వెంబడి వచ్చు తీగను మూడుచోట్ల మెలిపెట్టి ప్లాస్టిక్ సంచిముక్కతో చుట్టియుండిరి. పోగు తెగినప్పుడు ముడివేయుట నేతపనిలో చెల్లును. రాగితీగ మెలికలోనికి తేమ చేరి కొన్నినెలలకే లోపల పచ్చబాఱును. తీగ సన్నదనమును మఱియొక దొంగ. రెండు బ్రేకుదీపములు కలిసి మూడున్నర ఆంపియర్లు తీసికొనును. పోవుటకు 10, వచ్చుటకు 10 మీటర్ల తీగ యనుకొందము. అర చదరపు మిల్లీమీటరు రాగితీగలో దారిలోనే రెండు వోల్టులకు పైగా హరించి, బల్బు వెలుతురు దాదాపు సగమునకు పడిపోవును. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు తీగయైనచో ఒక వోల్టు కూడ పోదు.

కాబట్టి మొదట తీగనే మార్చితిమి. ఎర్తునకు వేఱుగా ఒక తీగను సాకెట్టునుండి ప్రతి దీపమువఱకు లాగి, పిన్నును నమ్ముట మానితిమి. అతుకులను సోల్డరు చేసి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగితిమి. ఎర్తు బిగించుచోట రంగును గరుకు కాగితముతో గీకి, మెఱయు ఇనుమునకే బోల్టు బిగించి, పైన గ్రీజు పూసితిమి. ఏడుకాళ్ల ప్లగ్గులో ఏ రంగుతీగ ఏ పనిదో పుస్తకములలో నుండును గాని, చేతులు మాఱిన పాతబండిలో రంగును నమ్మరాదు. పరీక్షాదీపముతో ఒక్కొక్క కాలిని చూచి కాగితముమీద వ్రాసికొంటిమి. ఫ్యూజు స్థానమున ఎవరో సిగరెట్టుపెట్టె వెండికాగితమును చుట్టియుండిరి. దానిని గూర్చి నేనేమియు చెప్పను. తీసివేసి సరియైనది పెట్టితిమి.

అటుపిమ్మటనే క్రొత్త దీపముల సంగతి. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. క్రొత్త వస్తువని తలంచువారు పలువురు; కాని అది 1962లోనే అమెరికాలో నిక్ హోలోన్యాక్ అను శాస్త్రజ్ఞుడు చేసి చూపినది. బల్బు అన్నిరంగుల వెలుతురును పుట్టించును, ఎఱ్ఱ అద్దము అందు చాలభాగమును మ్రింగివేయును. ఎల్.ఇ.డి. ఎఱుపునే పుట్టించుటచేత తక్కువ విద్యుత్తుతో పని తీఱును. దానిలో తెగుటకు తంతువు లేదు గనుక మన గుంతలరోడ్ల కుదుపులకు తట్టుకొనును. జిగురుపోసి మూసిన రకమును కొన్నచో నీరు లోనికి పోదు. వీటన్నిటికంటె నాకు ముఖ్యముగ తోచినది వేఱొకటి. బల్బు తంతువు కాగి పూర్తిగ వెలుగుటకు సెకండులో అయిదవవంతు పట్టును, ఎల్.ఇ.డి. తక్షణమే వెలుగును. 60 కిలోమీటర్ల వేగమున వచ్చు వెనుకవానికి అది 3 మీటర్లకు పైబడిన దూరము. ఆ రాత్రి నాకు మిగిలినది రెండుమూఱలే.

చిక్కులును ఉన్నవి. బల్బునకు ధన ఋణ భేదము లేదు, ఎల్.ఇ.డి.కి కలదు, తీగలు తిరుగబడిన వెలుగదు. ఇండికేటరులకు ఎల్.ఇ.డి. పెట్టినచో తీసికొను విద్యుత్తు తగ్గుటచేత పాత ఫ్లాషరు బల్బు పోయినదని భ్రమించి వడివడిగ కొట్టుకొనును. దీనికి కొందఱు 6 ఓముల నిరోధమును ప్రక్కన కట్టుదురు. అది 2 ఆంపియర్లు త్రాగి 24 వాట్లను ఊరక వేడిచేయును, పొదుపు చేసినది అక్కడే పోవును. ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరును కొనుటయే మేలు. ఇక అందము కొఱకు నీలము, తెలుపు దీపములను వెనుక మెఱపించువారున్నారు. వెనుక తెల్లదీపము చూచినవాడు బండి తనకెదురుగ వచ్చుచున్నదనుకొనును. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు వెనుకకు ఎఱ్ఱదీపమును, సంఖ్యాఫలకముపై మాత్రము తెల్లని వెలుతురును విధించినవి. అది ఊరక పెట్టిన నియమము కాదు.

ట్రాక్టరు విప్పుకొని పోయినపిమ్మట ట్రాలీకి బ్యాటరీ లేదు. అప్పుడు ఎంత మంచి దీపమైనను నూనె లేని దివిటీయే. పదిమంది కన్యకల కథ మీకు తెలియును. అందుచే ఎఱ్ఱని రిఫ్లెక్టరులను, మెఱయు ఎఱ్ఱ పట్టీని వెనుకపలకపై అంటించితిమి. ఇవి వచ్చువాని దీపపు వెలుతురునే వానికి తిరిగియిచ్చును. గడ్డి ఎత్తినప్పుడు అది దీపములపైకి వ్రేలాడకుండ కట్టుకొనుటయు, మట్టిని గుడ్డతో తుడుచుటయు రైతు పని.

చీకటిపడిన తరువాత ట్రాలీని ఆటస్థలపు ఒక చివర నిలిపి, రెండవ చివరనుండి చూచితిమి. బాలుని తండ్రి తానే అచటికి నడచిపోయి, కుమారుని బ్రేకు త్రొక్కుమని కేకవేసి, చాలసేపు చూచుచు నిలిచెను. ఆయన తన ట్రాలీని వెనుకనుండి రాత్రివేళ చూచుట అదే మొదటిసారియట.

మూడువారములకు ఎడమదీపము మఱల ఆఱెను. బండి మలుపు తిరుగునప్పుడు కొక్కెమువద్ద తీగ బిగుసుకొని తెగినది. అచట మూరెడు తీగను వదులుగ వదలుట మేము మఱచితిమి. ఆ లోపమును ఈసారి కనుగొన్నవాడు ఆ బాలుడే. పొలమునకు బయలుదేరుటకు ముందు ప్రతిసాయంకాలము తండ్రి బ్రేకు త్రొక్కగా తాను వెనుక నిలిచి చూచుట అలవాటు చేసికొన్నాడట.